కొన్నవీ, దొరికినవీ

హైదరాబాద్‌కు చుట్టాలొస్తే చార్మినార్ తర్వాత మనం తీసుకెళ్లేది సాలార్ జంగ్ మ్యూజియానికే. పన్నెండు కొట్టే వేళకు అక్కడి గడియారం ముందు చేరే జనంలో ఎప్పుడో ఒకసారి కూర్చోనివాళ్లు మనలో అరుదు. కానీ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, దానికంటే ఇరవై ఏళ్లు ముందే వెలసిన స్టేట్ మ్యూజియం గడప తొక్కినవాళ్లు ఎందరు?

సాలార్ జంగ్ మ్యూజియం నిండా ఉన్నది ఒక కుటుంబం ఇష్టం. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో నిజాంకు దివాన్ అయ్యారు, రెండేళ్లకే పదవి వదిలారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో కన్నుమూసేదాకా మనసంతా సేకరణ మీదే. పచ్చరాతి కత్తిపిడులు, పింగాణీ, దంతపు పనితనం, రవివర్మ చిత్రాలు, ఏది చూసినా కొన్న మనిషి కన్ను తెలిసిపోతుంది. 1951లో ఆ కుటుంబపు నివాసమైన దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది.

స్టేట్ మ్యూజియంలో అలాంటి ఒక్క మనిషి కనపడడు. 1914లో నిజాం రాజ్యం పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీకి అప్పగించింది. ఆ శాఖ తవ్వించి, ఏరి, కాపాడినవాటికి 1930లో ఇక్కడ చోటు దొరికింది. శాతవాహనుల నాణేలు, బౌద్ధ శిల్పాలు, కాకతీయుల నాటి రాతిపని. అక్కడ ‘ఎవరు కొన్నారు’ అన్నది గుర్తుంటే, ఇక్కడ ‘ఏ ఊళ్లో దొరికింది’ అన్నది గుర్తుంటుంది. సాలార్ జంగ్ వస్తువులు పుట్టిన చోటును పోగొట్టుకుని ఒక యజమాని పేరు సంపాదించుకున్నాయి. ఇక్కడి శిల్పాలకు చోటు మిగిలింది, చెక్కినవాడి పేరు మిగల్లేదు.

అయినా ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. రెండు చోట్లా జనం మొదట వెతికేది పరదేశపు స్త్రీనే! సాలార్ జంగ్‌లో ఉన్న, శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహాన్ని మొదటి సాలార్ జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. అలాగే స్టేట్ మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెప్పించారు. ఒకచోట పాలరాయి పల్చని బట్టయి ముఖాన్ని చూపిస్తే, మరొకచోట నిజమైన నారబట్టే మనిషిని దాచేసింది. రెబెక్కా ముందు ఆ శిల్పి చేతిని మెచ్చుకుంటాం. మమ్మీ ముందు మెచ్చుకోవడానికి నోరు రాదు. అది కళాఖండం కాదు, ఒకప్పుడు బతికిన మనిషి. ఆ గాజుపెట్టె దగ్గర పిల్లలకు ఈ మాట చెప్పాలి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవి మాత్రం నకళ్లు. సాలార్ జంగ్‌లో ఐరోపా చిత్రాలకు నకళ్లున్నాయి. దూరదేశపు అందాన్ని ఇంటికి రప్పించుకోవాలన్న ముచ్చట అది. స్టేట్ మ్యూజియంలోని అజంతా గుహచిత్రాల నకళ్లది భయంలోంచి పుట్టిన పని. అంతకుముందు చిత్రకారుడు రాబర్ట్ గిల్ వేసిన అజంతా నకళ్లలో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. ఆ తర్వాత చిత్రకారుడు గ్రిఫిత్స్ బృందం మళ్లీ వేసినవాటిలోనూ ఎన్నో 1885లో మంటల పాలయ్యాయి. గుహల గోడల మీది రంగులేమో పెచ్చులూడుతూనే ఉన్నాయి. అజంతా అప్పుడు నిజాం ఏలుబడిలోది. యజ్దానీ హయాంలో ఇటలీ నిపుణులు వచ్చి ఆ గోడలను బాగుచేశారు; చిత్రకారులు సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ ఆ గుహల చీకట్లో కూర్చుని ఒక్కో గీతనూ తిరిగి గీశారు. అసలు గీసినవాళ్ల పేర్లు మనకు తెలియవు, నకలు తీసినవాళ్లవి తెలుసు. నకలంటే చిన్నచూపు వద్దనడానికి ఇంతకంటే ఏం కావాలి?

వీలైతే పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లి, మధ్యాహ్నం మూసీ ఒడ్డుకు రండి. నేలలో దొరికినవి చూసిన కళ్లతో సాలార్ జంగ్ గదుల్లోకి వెళితే, ఒక్కో వస్తువునూ ‘ఎక్కడి నుంచి వచ్చావు’ అని అడగబుద్ధవుతుంది.