సవాలక్ష సందేహాలు, ఒక టాబ్లెట్ స్ట్రిప్

చిన్నప్పుడు నేను ఏదడిగినా మా అమ్మ ఒకటే అనేది: “నీకన్నీ సవాలక్ష సందేహాలే!” ఇక నోర్మూసుకుని పో అని దానర్థం. సరిగ్గా ఆ మాటే పేరుగా ఉన్న పుస్తకం ఈమధ్య ఒక ఫ్రెండ్ వాళ్లమ్మగారి బీరువాలోంచి నా చేతికొచ్చింది. ‘సవాలక్ష సందేహాలు: స్త్రీలు - ఆరోగ్య సంస్కృతి’. 1991లో హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన తెచ్చింది. అప్పటికి నాకు రెండేళ్లు. ముప్పై దాటాక, అదీ ఒక చేదు అనుభవం తర్వాత చదివాను కాబట్టి ఇది పద్ధతైన సమీక్ష కాదు, ముందే చెప్పేస్తున్నా.

ఆ అనుభవం ఇది. నాలుగేళ్ల కిందట మూడు నెలలు పీరియడ్స్ రాలేదు. రిలీజ్ ప్రెషర్ అనుకుని ఊరుకున్నా. చివరికి ఆఫీసు దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే మొదటి ప్రశ్న: “మ్యారీడా?” కాదన్నాను. స్కాన్ చూసి, “పీసీఓడీ. హార్మోన్ టాబ్లెట్స్ రాస్తున్నా, ఇరవయ్యొక్క రోజులు వాడి వారం ఆపండి. మిగతావి పెళ్లయ్యాక చూద్దాం” అన్నారు. ఎనిమిది నెలలు వాడాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, నర్సుగా చేసే మా వదిన ఆ స్ట్రిప్ చూసి గొంతు తగ్గించి అడిగింది: “ఇవి పిల్లలు పుట్టకుండా వేసుకునేవి కదే?”

మందు తప్పు కాదు. పీసీఓడీకి ఇవే రాస్తారు. కానీ అవి గర్భనిరోధక మాత్రలని నాకెవరూ చెప్పలేదు. మైగ్రేన్ ఉందా అనీ అడగలేదు. నాకుంది. కొన్ని రకాల మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈ మాత్రలు వాడితే స్ట్రోక్ ప్రమాదం పెరుగుతుందని తర్వాత నా అంతట నేనే వెతుక్కుని తెలుసుకున్నా. రోజంతా సర్వర్ లాగ్స్ లైను లైనూ చదివే దాన్ని, మాత్రల డబ్బాలో మడతపెట్టిన కాగితం ఎనిమిది నెలలు విప్పి చూడలేదు. అదీ ఉంది.

ఈ పుస్తకం వెనకున్న కథ తెలిశాక ఒళ్లు జలదరించింది ఇందుకే. మేముండే చందానగర్ నుంచి ముంబై హైవే మీద రామచంద్రాపురం దాటితే పటాన్‌చెరు. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్ ఇవ్వడానికి ఆడవాళ్లను పోగుచేశారు. రెండు నెలలకోసారి వేసే గర్భనిరోధక సూది అది. అది ఇంకా ప్రయోగంలోనే ఉందన్న సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి నిలదీసి, విషయం విప్పి చెప్పాక చాలామంది సూది వద్దని వెళ్లిపోయారు. 1986లో ఢిల్లీ ‘సహేలీ’తో, మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకెళ్లారు. కేసు 2000 దాకా సాగింది. కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో నెట్-ఎన్ మూకుమ్మడిగా వాడబోమని ప్రభుత్వం చెప్పాక గానీ ముగియలేదు. (డీఎంపీఏ అనే ఇంకో సూది 2017లో ‘అంతర’ పేరుతో సర్కారు దవాఖానాల్లోకి వచ్చింది. దాన్ని ఇచ్చేముందు ఎంత విడమర్చి చెబుతున్నారన్నదే ఇప్పటికీ అసలు ప్రశ్న.)

పటాన్‌చెరులో చెప్పకుండా దాచిన ఆ సమాచారమే నా దృష్టిలో ఈ పుస్తకానికి మూలం. దీనికి స్ఫూర్తి బోస్టన్ మహిళలు 1970లో మొదలుపెట్టిన ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’. ఆ పేరులో ఒక హక్కు ప్రకటన ఉంది. మనవాళ్లు దాన్ని ‘మన శరీరాలు’ అని అనువదించి ఊరుకోలేదు. నోరు మూయించే తిట్టునే తీసుకుని అట్ట మీద వేశారు. తెలుగులో ఇంతకన్నా తెలివైన శీర్షిక నేను చూడలేదు. అడగడం దగ్గరే మన ఆడపిల్లలు ఆగిపోతారని వాళ్లకు తెలుసు.

ఆగిపోవడానికి భాష కూడా ఒక కారణం. పీరియడ్స్ రాలేదని అమ్మకి తెలుగులో ఎలా చెప్పాలి? “నెల తప్పింది” అంటే అర్థం వేరు! ఆ ‘తప్పడం’లో పెళ్లికాని పిల్లకి ‘తప్పు’ కూడా వినిపిస్తుంది. అందుకే అందరం “ఇర్రెగ్యులర్” అని ఇంగ్లీషులోకి పారిపోతాం. ‘కుటుంబ నియంత్రణ’ అనాలంటే ముందు కుటుంబం ఉండాలి. ఇక ఊళ్లో “ఆపరేషన్ అయిందా?” అంటే ఏ ఆపరేషనో ఎవరూ అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైగా వివాహితలకు ఆ ఆపరేషన్ అయింది. ఆంధ్రలో మాత్రలు, లూపు, కండోమ్ మూడూ కలిపినా రెండు శాతం దాటవు. ఒక పద్ధతే ఉన్నచోట కౌన్సెలింగ్‌కి పనేముంది? తేదీ చెబితే చాలు.

డాక్టర్ సమరం గారి ‘స్వాతి’ ప్రశ్నలు-జవాబులు ఇంతకన్నా ఎక్కువమందికి చేరాయి, కాదనను. మా హాస్టల్లో అట్ట చిరిగేదాకా చదివేవాళ్లం. కానీ అక్కడ ఉత్తరం రాసేది ఒకరు, జవాబిచ్చేది డాక్టరు. ఈ పుస్తకం ఒక గుంపు రాసింది, గుంపుగా చదువుకోమని రాసింది. నాకున్న పేచీ కూడా అక్కడే. ఇవాళ గచ్చిబౌలి పీజీలో అమ్మాయికి గుంపు లేదు. అర్ధరాత్రి ఫోనూ, పది నిమిషాల్లో మందు తెచ్చే డెలివరీ యాపూ ఉన్నాయి. 2021లో అబార్షన్ చట్టంలో ‘భర్త’ స్థానంలో ‘భాగస్వామి’ వచ్చింది. 2022లో సుప్రీంకోర్టు పెళ్లికానివాళ్లకూ అదే హక్కుందని తేల్చింది. క్లినిక్‌లో మొదటి ప్రశ్న మాత్రం మారలేదు. 1991 పుస్తకంలో ఇవేవీ ఉండవు కదా. 2004లో పెంగ్విన్ వేసిన ‘టేకింగ్ చార్జ్ ఆఫ్ అవర్ బాడీస్’ దీనికి కొనసాగింపు లాంటిది, కానీ అది ఇంగ్లీషు. తెలుగులో తర్వాతి సంపుటం రాలేదన్నదే నా కోపం.

పోయిన నెల మా టీమ్‌లో ఇరవై మూడేళ్ల పిల్ల క్యాంటీన్‌లో నా టేబుల్ మీద ఈ పుస్తకం చూసి, “ఒకటడగొచ్చా అక్కా?” అంది. డెబ్బై రెండు గంటల మాత్ర గురించి. తెలిసింది చెప్పాను: అండం విడుదలను వాయిదా వేస్తుంది, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసెయ్యదు, నెల నెలా ఆధారపడే పద్ధతి కాదు. ఇంకో మూడు అడిగింది. ఒకదానికి నాకూ జవాబు తెలీదు. లంచ్ టైమ్ అయిపోయింది, పుస్తకం తీసుకెళ్లింది. ఇంకా తిరిగివ్వలేదు.