చచ్చిన సర్వర్, నడిచిన కారు

ఈ శీర్షికను వదలకుండా చదివేవారికి కాలమిస్టు గారి అలమరా సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. గేమ్ డిస్కులు, సినిమా డీవీడీలు, పాటల సీడీలు వరసగా పేర్చిన ఆ అలమరాను ఇంట్లోవాళ్లు మ్యూజియం అంటారు. ఫోన్లలో హెడ్‌ఫోన్ జాక్ తీసేసినప్పుడు ఆయన పెట్టిన గోల, పెట్టెలో ఛార్జర్ ఇవ్వడం మానేసినప్పుడు వారాల తరబడి సాధించిన తీరు కూడా పాఠకులు మరిచిపోయి ఉండరు. అన్నిటికీ మూలం ఒకే పట్టుదల. డబ్బిచ్చి కొన్నది చేతికి తగలాలి, మూతేసి దాచుకునేలా ఉండాలి.

ఆ పట్టుదలను ఈ వారం మేనల్లుడు గిల్లాడు. సెలవులకు వచ్చి, ల్యాప్‌టాప్ ముందేసుకుని కారు తోలుతున్నాడు. అమెరికాను కుదించి ఒకే పటంలో ఇమిడ్చిన ‘ది క్రూ’ అనే గేమ్ అది. న్యూయార్క్‌లో బయల్దేరి లాస్ ఏంజెలెస్ దాకా మధ్యలో లోడింగ్ తెర లేకుండా పోవచ్చు. కాలమిస్టు వెనక నిలబడి కాసేపు చూసి, "ఇది పోయింది కదరా?" అన్నారు.

"పోయింది మామయ్యా. మళ్లీ లేపారు," అన్నాడు వాడు తెర మీంచి చూపు తిప్పకుండా. "ప్లేస్టేషన్ డిస్కు దాచుకున్నవాళ్లకి మాత్రం ఇప్పటికీ రాదు."

ఆ రెండో ముక్క ఆయనకు రుచించలేదు. మొదటి ముక్క మాత్రం తెగ నచ్చింది.

‘ది క్రూ’ను ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన ఐవరీ టవర్ స్టూడియో తయారుచేసింది. యూబీసాఫ్ట్ 2014 డిసెంబర్‌లో విడుదల చేసింది. ఒంటరిగా ఆడుకునే కథ ఉన్నా సరే, ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వర్ పలికితేనే గేమ్ మొదలయ్యేది. 2023 డిసెంబర్‌లో అమ్మకం ఆపేశారు. సర్వర్ల ఖర్చు, లైసెన్సుల ఇబ్బంది కారణాలని చెప్పి 2024 మార్చి 31న సర్వర్లూ ఆపేశారు. మరుసటి నెలలో కొందరు ఆటగాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సు కూడా వెనక్కి తీసుకున్నారు. పెట్టె కొన్నవాడికి పెట్టె మిగిలింది. డిస్కు తిరుగుతుంది, లోగో పడుతుంది, అక్కడితో సరి. ఇద్దరు ఆటగాళ్లు ఆ ఏడాది నవంబర్‌లో కాలిఫోర్నియాలో దావా వేస్తే, మీరు కొన్నది ఆడుకునే అనుమతే తప్ప యాజమాన్యం కాదని కంపెనీ వాదించింది.

ఈ గొడవలోంచే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది. పోలెండ్‌లో ఉంటూ యూట్యూబ్‌లో పాత ఆటల గురించి చెప్పే రాస్ స్కాట్ అనే అమెరికన్ 2024 ఏప్రిల్‌లో దాన్ని మొదలుపెట్టాడు. యూరప్ పౌరులు నేరుగా యూరోపియన్ కమిషన్ ముందు పెట్టే వినతిపత్రానికి పది లక్షల సంతకాలు కావాలి. 2025 జులైలో ఆ గీత దాటి, నెలాఖరుకు గడువు ముగిసేసరికి 14 లక్షల పైచిలుకు పోగయ్యాయి. వీడియో గేమ్ గురించి ఇన్ని సంతకాలా అని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. కాలమిస్టు అయితే చేతులు రుద్దుకున్నారు. ఎప్పట్నుంచో ఆయన మొత్తుకుంటున్నది అదే కదా.

కాకపోతే ఉద్యమం అడిగింది డిస్కు కాదు. గేమ్‌ను శాశ్వతంగా నడపమనీ అడగలేదు. మానేసేటప్పుడు, కొన్నవాళ్లు తమంతట తాము ఆడుకునే స్థితిలో వదిలిపెట్టి వెళ్లమంది. అంతే.

డిస్కును గట్టి సరుకు అనుకోవడంలో ఉన్న చిక్కు ‘ది క్రూ’తోనే మొదలు కాలేదు. 2000 ప్రాంతంలో ఎన్నో పీసీ గేమ్ డిస్కుల మీద సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ అనే తాళాలు వేసి అమ్మారు. అసలు డిస్కు డ్రైవులో ఉందో లేదో చూసుకునే ఏర్పాటది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ ఆ రెంటికీ మద్దతు తీసేసింది. దాంతో దుకాణంలో నిజాయితీగా బిల్లు కట్టి కొన్న డిస్కు మొరాయించింది. తాళం పగలగొట్టిన దొంగ కాపీ చక్కగా ఆడింది.

దొంగ కాపీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్ గుర్తు రాకుండా ఉండదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఎవరూ పూర్తి పేరుతో పిలిచేవారు కాదు, సీటీసీ అంటే చాలు. కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోడానికి వెళ్లినవాడికి మదర్‌బోర్డు, ర్యామ్, క్యాబినెట్‌తో పాటు రెండు మూడు సీడీలు కొసరుగా వచ్చేవి. సీడీ మీద మార్కర్ పెన్నుతో ‘ఐజీఐ’ అనో ‘రోడ్ రాష్’ అనో రాసి ఉండేది. కవర్ వెనక సీరియల్ నంబరు. కుర్రాడు ఒకే ఊపిరిలో చెప్పేవాడు: "ఇన్‌స్టాల్ చెయ్ అన్నా, అయినాక క్రాక్ ఫోల్డర్‌లో ఫైల్ ఉంటది, అది కాపీ కొట్టి ప్రోగ్రామ్ ఫైల్స్‌ల పేస్ట్ చెయ్, రీప్లేస్ అడుగుతది, ఎస్ కొట్టు." తెలుగు నేల మీద వేలమందికి అదే మొదటి కంప్యూటర్ పాఠం. ఏ ఫైలు ఎక్కడుంటుందో, ఒక ఫైలు మారిస్తే ప్రోగ్రాం ఎందుకు మాట వింటుందో ఇన్‌స్టిట్యూట్ ఫీజు కట్టకముందే తెలిసిపోయింది. అది దొంగ సరుకే, అందులో మొహమాటపడేదేమీ లేదు. ఆ ఆటలు చేసినవాళ్లకు ఒక్క పైసా ముట్టలేదు.

ఆ రోజుల్లోనే అమీర్‌పేటలో ఇంకో విద్య నడిచేది. జావా క్లాసు అయిపోయాక కుర్రాళ్లు మెట్లు దిగి నెట్ సెంటర్‌లో దూరేవారు. గంటకు పదిహేనో ఇరవయ్యో. అక్కడ కౌంటర్ స్ట్రైక్. వాల్వ్ కంపెనీ గేమ్ ‘హాఫ్-లైఫ్’ మీద ఇద్దరు కుర్రాళ్లు 1999లో సరదాగా చేసిన మార్పే ఆ ఆట. తరవాత వాల్వే దాన్ని కొనుక్కుంది. నెట్ సెంటర్ ఓనర్ తన కౌంటర్ దగ్గరి మెషీన్‌లో సర్వర్ ఆన్ చేసేవాడు. మిగతావాళ్లు లాన్‌లో చేరేవారు. "భాయ్, సర్వర్ రీస్టార్ట్ కొట్టు" అని వెనక వరసలోంచి అరిస్తే ఆయన కొట్టేవాడు. "మ్యాప్ మార్చు, డస్ట్ టూ పెట్టు" అంటే పెట్టేవాడు. బయట ఇంటర్నెట్ పోయినా లోపల యుద్ధం ఆగేది కాదు.

అప్పుడు ఎవరికీ తట్టలేదు కానీ, అసలు కీలకం అక్కడుంది. సర్వర్ ప్రోగ్రాం గేమ్‌తో పాటే జనం చేతికి వచ్చింది. అమెరికాలో ఎవరు ఏ బటన్ నొక్కినా అమీర్‌పేటలో ఆట ఆగదు. కౌంటర్ స్ట్రైక్ 1.6ను ఇవాళ్టికీ పది మంది ఒక గదిలో చేరి ఆడుకోవచ్చంటే కారణం సీడీ కాదు, సర్వర్.

‘ది క్రూ’కు ఆ వరం లేదు. సర్వర్ ప్రోగ్రాం కంపెనీ గడప దాటలేదు. సీటీసీ కుర్రాడి క్రాక్ ఫోల్డర్ ఇక్కడ ఎందుకూ కొరగాదు. తాళం పగలగొడితే తలుపు తెరుచుకుంటుంది గానీ లోపల మనిషి ఉండాలిగా. మరి మేనల్లుడి కారు ఎలా కదిలింది?

‘ది క్రూ అన్‌లిమిటెడ్’ పేరుతో కొందరు అభిమానులు చేసిన పని అది. ఇలాంటి పనిని సర్వర్ ఎమ్యులేషన్ అంటారు. గేమ్ బొమ్మలు, రోడ్లు, కార్ల శబ్దాలు చాలావరకు ఆటగాడి కంప్యూటర్లోనే ఉంటాయి. ఎవరు లాగిన్ అయ్యారు, ఎంతదాకా ఆడారు, గ్యారేజీలో ఏ కారుంది, చేతిలో డబ్బెంత, ఈ లెక్కలు మాత్రం సర్వర్‌వి. గేమ్ అడుగుతుంది, సర్వర్ జవాబు చెబుతుంది. ఆ అడగడం, చెప్పడం తీగ మీద నడుస్తున్నప్పుడే పట్టి దాచాలి. సర్వర్ ఆగిపోయాక పట్టడానికేమీ ఉండదు. అందుకే మూసివేత వార్త వచ్చినప్పటినుంచి 2024 మార్చి ఆఖరు దాకా ఉన్న నెలలే వాళ్లకు పెట్టుబడి.

పట్టిన దాంట్లో ఏ అంకె దేనికి గుర్తో ఎవరూ చెప్పరు. ఒకసారి ఎర్ర కారు కొని, ఇంకోసారి నీలం కారు కొని, రెండు రికార్డింగుల్లో మారిందేమిటో వెతకాలి. గుమస్తా చనిపోయిన దుకాణంలో, ఆయన రాసిన పాత చిట్టాలు మాత్రమే చూసి కొత్తవాడు లెక్కలు నేర్చుకున్నట్టు, ఏ ప్రశ్నకు ఏ జవాబు రావాలో ఒక్కొక్కటే పట్టుకుని కొత్త సర్వర్ రాయాలి. ఒక్క జవాబు తేడాగా వెళ్లినా గేమ్ మొహం చాటేస్తుంది. చివరికి గేమ్‌ను కంపెనీ అడ్రసుకు బదులు ఈ కొత్త సర్వర్ వైపు తిప్పాలి. అది ఆటగాడి సొంత కంప్యూటర్లోనే ఉండొచ్చు. 2025 సెప్టెంబర్‌లో ఈ బృందం తమ సర్వర్‌ను జనానికి ఇచ్చేసింది, ఒంటరిగా ఆడుకునే వీలుతో సహా. జీతం లేదు, ప్రమోషన్ లేదు. చేతివృత్తి అన్న మాటకు ఇంతకన్నా తగిన పని ఈ మధ్య తన కంట పడలేదంటారు కాలమిస్టు.

ఇలాంటి పనికి కంపెనీలు ఎప్పుడూ లాయర్ నోటీసుతోనే జవాబిస్తాయా? ‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే ఆన్‌లైన్ గేమ్ సంగతి చూడాలి. ఎన్‌సీసాఫ్ట్ దాన్ని 2012 నవంబర్ 30న మూసేసింది. కొద్దిమంది అభిమానులు రహస్యంగా ఒక సర్వర్ నడుపుకుంటున్నారని 2019లో బయటపడి పెద్ద రగడ అయింది. దాంట్లోంచి వచ్చిన ‘హోమ్‌కమింగ్’ అనే సర్వర్‌కు 2024 జనవరిలో స్వయంగా ఎన్‌సీసాఫ్టే లైసెన్సిచ్చింది. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ పాత రూపాన్ని నడిపిన నోస్టాల్రియస్ అనే అభిమానుల సర్వర్‌ను 2016లో ఆ గేమ్ కంపెనీ బ్లిజార్డ్ లాయర్లు మూయించారు. 2019లో అదే పాత రూపాన్ని ‘క్లాసిక్’ పేరుతో బ్లిజార్డే విడుదల చేసి చందా వసూలు చేసుకుంది. పాత ఆటకు గిరాకీ ఉందని లోకానికి చూపెట్టింది నోటీసు అందుకున్నవాళ్లు.

ఉద్యమం కోరిక మీద కంపెనీల పక్షాన మాట్లాడే వీడియో గేమ్స్ యూరప్ సంస్థ అభ్యంతరాలు కొన్ని కొట్టిపారేసేవి కావు. అభిమానుల సర్వర్‌లో పిల్లలను ఎవరైనా వేధిస్తే బాధ్యత ఎవరిది? ఆటగాళ్ల సమాచారానికి రక్షణేది? మొదటినుంచీ ఆన్‌లైన్ కోసమే కట్టిన ఆటను విడదీయడం తలకు మించిన ఖర్చు కాదా? కార్ల గేముల్లో ఇంకో తిరకాసు ఉంది. కార్ల కంపెనీల దగ్గర, పాటల కంపెనీల దగ్గర తెచ్చుకున్న హక్కులకు గడువుంటుంది. అది తీరాక కొత్తగా అమ్మలేరు. అయితే అమ్మకం ఆపడం వేరు, అమ్మినదాన్ని ఆపడం వేరు. ‘ఫోర్జా హొరైజన్ 3’ని 2020లో దుకాణంలోంచి తీసేశారు, కొన్నవాళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నారు.

ఖర్చు మాటకొస్తే, చేసినవాళ్లు చేశారు. ‘నాకౌట్ సిటీ’ని 2023లో మూసినప్పుడు వెలాన్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ, సొంత సర్వర్ పెట్టుకునే పీసీ రూపాన్ని ఉచితంగా ఇచ్చి వెళ్లింది. ‘గ్రాన్ టురిస్మో స్పోర్ట్’ సర్వర్లు 2024 జనవరిలో ఆగేముందు, ఆట ఇంటర్నెట్ లేకుండా నడిచేలా సవరించారు. అంతెందుకు, ‘ది క్రూ 2’కు 2025 అక్టోబర్‌లో యూబీసాఫ్టే ఆఫ్‌లైన్ ఏర్పాటు చేసింది. మొదటి గేమ్‌కు కుదరనిది రెండో గేమ్‌కు కుదిరింది. మధ్యలో 14 లక్షల సంతకాలున్నాయి మరి.

ఇంతదూరం చదివిన పాత పాఠకుడు, ఇక కాలమిస్టు యాజమాన్య హక్కు కోసం జెండా పట్టుకుంటారని ఎదురుచూస్తుండవచ్చు. ఆయన మనసు అటు పోవడం లేదు. అనుమతే అమ్ముతున్నామని కంపెనీలు ఇప్పుడు బాహాటంగానే చెబుతున్నాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, వెనక్కి లాక్కునే వీలున్న డిజిటల్ సరుకును అమ్మేటప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పి తీరాలని చట్టం వచ్చింది. పీసీ గేములు అమ్మే స్టీమ్ ఆ ముక్కను అంతకుముందే తన చెల్లింపు పేజీలో పెట్టింది. అనుమతే అమ్ముకోండి, సినిమా టికెట్టు కొనడం లేదా మనం? ఆయన అడిగేది కొనుగోలుదారు హక్కుకన్నా తక్కువ. మీరు పారేసి వెళ్లినదాన్ని బాగుచేసుకునేవాడి జోలికి రావద్దు. కొందరు యజమానుల చేతుల్లో భద్రంగా పోయినవి, ఏ హక్కూ లేని మరమ్మతుదారుల చేతుల్లో లేచాయి కనుక.

అమెరికాలో ఆ మరమ్మతుకు సందు ఇరుకు. డిజిటల్ తాళం తీయడమే అక్కడ తప్పు. మూడేళ్లకోసారి మినహాయింపులు అడుక్కోవాలి. సర్వర్ మూతపడిన గేమ్‌ను ఇంట్లో ఒంటరిగా ఆడుకోడానికి తాళం తీయవచ్చని 2015లో ఒప్పుకున్నారు. 2018లో గ్రంథాలయాలకు, మ్యూజియాలకు ఆన్‌లైన్ ఆటలను నిలిపి ఉంచే వీలిచ్చారు, ఆడేవాడు ఆ భవనంలోకి రావాలన్న షరతుతో. పరిశోధకులు ఇంటినుంచి చూసుకునే అవకాశం అడిగితే 2024 అక్టోబర్‌లో కాదన్నారు.

మన కాపీరైట్ చట్టం ఈ విషయంలో కొంత ఉదారం. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ తాళం తీసిన ప్రతివాణ్నీ నేరస్తుడు అనదు. కాపీరైట్‌ను ఉల్లంఘించే ఉద్దేశంతో తీస్తేనే శిక్ష, రెండేళ్ల దాకా జైలు. పోగొట్టుకోకుండా ప్రోగ్రాంకు బ్యాకప్ తీసుకునే వీలు 52వ సెక్షన్‌లో ఉంది. కానీ అభిమానులు రాసిన సర్వర్ గీతకు అటుందో ఇటుందో ఆ అక్షరాల్లో తిన్నగా లేదు. కంపెనీ తానే సర్వర్ ఆపేసిన ప్రోగ్రాంను లాభాపేక్ష లేకుండా నడిపించుకునేందుకు చేసే మరమ్మతు నేరం కాదు అని 65ఎలో ఇంకో వాక్యం చేర్చాలని కాలమిస్టు ప్రతిపాదన. చట్టం మళ్లీ సవరణకు వచ్చే రోజున ఈ ఒక్క వాక్యాన్ని ఎవరైనా ఎంపీ జేబులో పెట్టుకెళ్తే, దాని మీద తన పేరు అక్కర్లేదంటున్నారు.