వెండిపొన్ను కర్ర

సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళినవాళ్ళంతా ముందుగా పరుగెత్తేది గంటలు కొట్టే గడియారం దగ్గరికి. ఆ తర్వాత మేలిముసుగు రెబెక్కా దగ్గరికి. ఈ సందడిలో చేతికర్రలకి కూడా అక్కడ ఒక గది ఉందన్న సంగతి చాలామంది గమనించరు. గమనించినవాళ్ళు సైతం "ఆఁ, కర్రలేగా!" అని దాటిపోతారు. నన్నడిగితే మగవాళ్ళ గుట్టు బయటపెట్టే గది ఆ భవనంలో అదొక్కటే.

ఇంత సొత్తు పోగుచేసింది మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949). 1912లో, ఇంకా పాతికేళ్ళు నిండకుండానే నిజాముకి దివానయ్యారు. 1914లో ఆ పదవి వదిలేశారు. మిగిలిన జీవితమంతా వస్తువులు సేకరించడంలోనే గడిచింది. పెళ్ళి చేసుకోలేదు. (చేసుకుని ఉంటే ఇన్ని కర్రలు గడప దాటి లోపలికి వచ్చేవా అని నాకో చిన్న అనుమానం!)

కర్ర అంటే కాలికి ఊతం అనుకుంటాం మనం. సేకరించేవారి లెక్క వేరు. వాళ్ళకి కర్ర అంటే పిడి. దంతమా, వెండా, పింగాణీయా, దానిమీద చెక్కింది కుక్క తలా, మనిషి తలా - ధర పలికేది దాన్ని బట్టే. లోపల కత్తి దాగి ఉంటే మరికాస్త ఎక్కువ. ఇక కర్ర సంగతికొస్తే, మలక్కా బెత్తానికున్న గౌరవమల్లా గణుపుకీ గణుపుకీ మధ్య ఉన్న పొడవుకే. దంతం పిడుల మోజు ఎన్ని ఏనుగుల ప్రాణం తీసిందో! 1989లో దేశాలన్నీ కూర్చుని ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారాన్ని నిషేధించుకున్నాయి. ఈ పిడులు మాత్రం అప్పటికే నున్నగా తయారై గాజుబీరువాలు చేరాయి.

ఈ సరదాని ఎద్దేవా చేసినవాళ్ళు లేకపోలేదు. 1709 డిసెంబరులో లండన్‌లోని టాట్లర్ పత్రిక ఒక ఉత్తుత్తి కచేరీ పెట్టింది. చేతికర్ర పట్టుకు తిరగాలంటే అక్కడ అనుమతి తీసుకోవాలి. ఒక షోకిలా పడుచువాడు అర్జీ పెట్టుకున్నాడు: కర్రతో బూటు తట్టుకోవడం, ఒక కాలు దాని మీద ఆనించడం, దాన్ని నోటికానించుకుని ఈల వెయ్యడం - ఇవి లేకపోతే తనకి నలుగురిలో మాట పెగలదట! అతని కర్రకి అంబరు పిడి, మణికట్టుకి తగిలించుకోడానికి నీలి రిబ్బను. న్యాయమూర్తిగారు అది లాగేసుకుని, వాల్‌నట్ పిడి ఉన్న మామూలు కర్ర ఇప్పించి, వారానికి మూడు రోజులే వాడమన్నారు. సొంతకాళ్ళ మీద నడవడం వచ్చేదాకా ఆ రోజులు కూడా తగ్గించుకుంటూ పోవాలి! మూడొందల ఏళ్ళు దాటినా ఆ తీర్పు పాతబడలేదు.

కర్ర నిజంగా అవసరమైనవాళ్ళూ ఉన్నారు. ఫ్రెంచి చిత్రకారుడు తులూజ్ లొత్రెక్‌కి చిన్నతనంలోనే రెండు తొడ ఎముకలూ విరిగి కాళ్ళు ఎదగలేదు. ఆయన బోలు కర్రలో మద్యం పోసుకు తిరిగేవాడు. సేకరించేవాళ్ళు ముచ్చటగా చెప్పుకునేది ఆ మద్యం గురించే, కాళ్ళ గురించి కాదు.

నా ఫిర్యాదల్లా ఇదే. కర్రల గురించి బొమ్మలతో వచ్చే పుస్తకాలు తిరగెయ్యండి. పేజీ నిండా పిడులే. కింద పొన్ను ఎలా అరిగిందో చూపించేవారు తక్కువ. నిజానికి అసలు కథ అక్కడే ఉంది. పాత యూరపు కర్రలకి పొన్ను అంగుళాల పొడవుండేది, ఎందుకంటే వీధుల నిండా బురద. పిడి చెప్పేది యజమాని డబ్బు సంగతి. అతను నడిచాడో లేదో చెప్పేది పొన్ను.

"కర్ర ఉన్నవాడిదే బర్రె" అన్న మన సామెత ఊరికే పుట్టలేదు. మా పెద్దమామగారు నలభయ్యో ఏటే వెండిపొన్ను కర్ర పట్టారు. అప్పటికి ఆయన కాళ్ళు ఇనుపస్తంభాలు. అయినా కర్ర చేతికి రాగానే ఊరంతా "పెద్దమనిషి" అంది. పెద్దత్తగారికి డెబ్భై దాటాక మోకాళ్ళు పట్టేశాయి. "ఆ కర్ర మూలన ఊరికే పడుంది కదా అత్తయ్యా, పట్టుకోండి" అన్నాను.

"ఆయన కర్ర నేను పట్టుకుని తిరగడమా! చూసినవాళ్ళు ఏమనుకుంటారే?" అన్నారావిడ.

మగవాడి చేతిలో హోదా అయిన వస్తువే ఆడదాని చేతికొచ్చేసరికి ముసలితనం అయిపోయింది, గమనించారా? పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సు దొరసానులు పొడుగాటి కర్రలు పట్టుకుని షికార్లు తిరిగారని విన్నా మన అమ్మమ్మలకి ధైర్యం వస్తుందనుకోను.

అత్తయ్య చివరికి గొడుగు పట్టారు. ఎండ లేదు, వాన లేదు. ముడిచిన గొడుగు నేలకి ఆనించి గుడికి వెళ్ళేవారు. మొనకున్న ఇనుప పొన్ను ఏడాదిలో సగం అరిగిపోయింది. ఈమధ్య పాతసామాన్ల వ్యాపారి ఇంటికొచ్చి మామగారి కర్ర అటూ ఇటూ తిప్పి చూశాడు. పొన్ను మీద గీత కూడా లేదని మురిసిపోయి మంచి ధర చెప్పాడు. పక్కనే ఉన్న గొడుగుని కాలితో జరిపాడు.