వాళ్ల ఊళ్లోనే ఉంచిన కథలు

అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే అన్నదమ్ములిద్దరు. ఎవరు పెద్దో తేల్చుకోవాలని, వాళ్లు తలదాచుకున్న ఇంటి ఆడపిల్ల ఇద్దరి ముందూ ఒకే గిన్నెడు జావ, తినడానికి ఒకే జత పుల్లలు పెట్టింది. తమ్ముడు గిన్నెను అన్నవైపు జరిపాడు. ఆమెకు అన్నతో పెళ్లయింది. ఒకనాడు మునిమాపువేళ, పొలం నుంచి ముందుగా ఇంటికొచ్చిన మరిదిని భర్త అనుకుని ఎదురెళ్లి కౌగిలించుకుంది. అన్న మనసు విరిగింది. తమ్ముడు ఇల్లు వదిలిపోయి, ఏటి ఒడ్డున ఏడ్చి ఏడ్చి సున్నపురాయి అయ్యాడు. వెతుక్కుంటూ వచ్చిన అన్న ఆ రాయి పక్కనే పోకచెట్టయ్యాడు. ఆమె ఆ చెట్టును అల్లుకున్న తమలపాకు తీగ అయింది. తర్వాత వియత్నాంను ఏలే హుంగ్ రాజు ఆ దారిన పోతూ ఆకూ వక్కా కలిపి నమిలి, ఆ రాయి మీద ఉమ్మితే ఎర్రగా పండింది.

వియత్నాంలో సంప్రదాయంగా చేసే పెళ్లికి ఆకూ వక్కా ఉండాల్సిందే. తాంబూలాలు పుచ్చుకుంటే గాని సంబంధం ఖాయమైనట్టు లెక్కకట్టని మన ఇళ్లలో ఈ కథను పిల్లలకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆకు, వక్క, సున్నం కలిస్తే నోరు పండుతుందని వాళ్లకి తెలుసు. ఆ మూడూ ఒకప్పుడు ఒకే ఇంటి మనుషులని మాత్రం చైనా, వియత్నాం కథల ఈ బొమ్మల పుస్తకాలే చెబుతాయి.

ఈ కథని తెలుగులో చెప్పమంటే అన్నదమ్ములకి రామయ్య, లక్ష్మయ్య అని పేర్లు పెట్టి గోదావరి గట్టున కూర్చోబెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పిల్లలకి పరాయి పేర్లు నోరు తిరగవని వాళ్ల భయం. ఈ పుస్తకాల రచయిత్రి ఆ భయం పెట్టుకోలేదు. చైనా కథలు చైనాలోనే, వియత్నాం కథలు వియత్నాంలోనే జరిగాయి. తెలుగు మాత్రం మన అమ్మమ్మల నోటి తెలుగు. ఈ బొమ్మల పుస్తకాలను నేను మెచ్చుకోవడానికి మొదటి కారణం అది.

రెండు కథలను పక్కపక్కన పెట్టి చదివించండి. ఒకటి యే షియెన్ కథ. సవతి తల్లి చంపి తిన్న చేప ఎముకల్ని దాచుకుని, వాటికి మొక్కి, బంగారు చెప్పులు పొందిన పిల్ల ఆమె. 9వ శతాబ్దంలో దువాన్ చెంగ్‌షి అనే చైనా పండితుడు, తన ఇంట్లో పనిచేసిన మనిషి చెప్పగా విని రాసిపెట్టాడు. ఇలాంటిదే అయిన సిండరెల్లా కథను ఫ్రాన్సులో పెరో అచ్చువేసింది ఎంతో తర్వాత, 1697లో. యే షియెన్ కథ చెప్పిన మనిషి ఇప్పటి నాన్నింగ్ ప్రాంతంవాడు. నాన్నింగ్ ఉన్న గ్వాంగ్‌షీకి వియత్నాంతో సరిహద్దు ఉంది. ఆ సరిహద్దుకు అవతల, వియత్నాంలో చెప్పుకునే తామ్ కథలోనూ సవతి తల్లి ఉంది, చంపిన చేప ఉంది, ఎముకలు ఉన్నాయి. తామ్ వాటిని కుండల్లో పెట్టి మంచం కోళ్ల కింద పాతిపెడుతుంది. ఏ దేశంవాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న లెక్క నాకు ముఖ్యం కాదు. రెండూ చదివిన పిల్ల తనంతట తానే ఆ చేపను గుర్తుపడుతుంది చూడండి, అప్పుడు ఆ ముఖం చూడాలి.

తామ్ కథ చివర చాలా కఠినంగా ఉంటుంది. రాణి అయ్యాక కూడా ఆమెను చంపుతూనే ఉంటారు. పిట్టవుతుంది, చెట్టవుతుంది, మన తునికికి చుట్టమైన ఒక పండులోంచి మళ్లీ మనిషిగా బయటికొస్తుంది. ఆ తర్వాత సవతి చెల్లెలికి వేసిన శిక్ష పెద్దవాళ్లకే ఒళ్లు జలదరించేది. రచయిత్రి దాన్ని తుడిచెయ్యలేదు. రెండు వాక్యాల్లో చెప్పి పేజీ తిప్పేసింది. నేనైనా అంతే చేసేవాణ్ణి. చెడు చేసినవాళ్లకి ఏమైందని పిల్లలు అడక్క మానరు, దాటేస్తే పసిగడతారు.

కప్ప కథ దగ్గర నేను చాలాసేపు ఆగాను. వానల్లేక భూమి నెర్రెలిచ్చితే ఒక గోదురుకప్ప, ఎలుగును, పులిని, తేనెటీగల్ని వెంటేసుకుని స్వర్గానికెళ్లి నగారా మోగిస్తుంది. తన బలగమంతా ఓడాక స్వర్గాధిపతి దాన్ని మేనమామా అని పిలిచి, ఇకమీదట నువ్వు పళ్లు నూరితే చాలు, వాన పంపుతానంటాడు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆడిన ఊళ్ల పిల్లలకి ఈ మేనమామ కొత్తవాడేమీ కాదు.

నేతకన్య, ఆవుల కాపరి కథ రెండు దేశాలదీ. ఏడాదికొక్కసారి, ఏడో నెల ఏడో రాత్రి, కాకి జాతి పక్షులు కట్టిన వంతెన మీద కలుస్తారు. ఆ రాత్రి సాధారణంగా మన శ్రావణ శుద్ధ సప్తమి ప్రాంతంలో వస్తుంది. ఆమె మన అభిజిత్తు నక్షత్రం, అతను మన శ్రవణం. మబ్బు లేని రాత్రి డాబా మీదికి తీసుకెళ్లి, ఆకాశగంగకి చెరో ఒడ్డున ఇద్దర్నీ చూపించండి.

ఇక బొమ్మలు. వియత్నాం కథలకి చిత్రకారుడు దోంగ్ హో పల్లె చెక్క అచ్చుల పద్ధతిని పట్టుకున్నాడు. అక్కడ కాగితానికి ఆల్చిప్పల పొడి పూస్తారు, వెదురాకుల బొగ్గుతో నలుపు, నీలిమందుతో నీలం, ఎర్రరాయితో ఎరుపు తీస్తారు. గీత లావుగా, రంగు చదునుగా ఉంటుంది. చైనా కథల్లో అదే చేయి సిరా కుంచెకి మారింది. నేతకన్య పేజీలో సగానికి పైగా ఖాళీ కాగితమే, అదే ఆకాశం. తమలపాకు తీగ బొమ్మ మరీ నచ్చింది నాకు. పోకచెట్టు బెరడు మీద కణుపుకణుపుకీ వేరు పట్టి పాకుతోంది తీగ. ఆ వేళ్లు గమనించి వేసినవాడు తమలపాకు తోటలోకి వెళ్లి చూసొచ్చినవాడే అయ్యుండాలి.

చిన్న కోరిక. తర్వాతి ముద్రణలో చివర ఒక పటం వేయండి, నాన్నింగ్, హనోయి, ఎర్రనది కనిపించేలా. ఈసారి వియత్నాం వాళ్ల జోంగ్ కథ కూడా చేర్చండి. మూడేళ్లు వచ్చినా నోరు విప్పని పిల్లవాడు, శత్రువు వచ్చాడని దండోరా వినగానే ఇనప గుర్రం చేయించమని అడిగి, ఊరంతా వండి పెట్టిన అన్నం తిని పెరిగిపోతాడు. ఆ అన్నం రాశుల బొమ్మ ఈ చిత్రకారుడి చేతే వేయించాలి.