పాల్ సైమన్ వేళ్లకు ఇంగ్లండ్ నేర్పింది

పాల్ సైమన్, ఆర్ట్ గార్‌ఫంకెల్ కలిసి చేసిన మొదటి ఆల్బమ్ 1964లో విడుదలైతే అమెరికాలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మరుసటి ఏడాది సైమన్ గిటార్ పట్టుకుని, అప్పటికే పరిచయమున్న ఇంగ్లండ్ చేరాడు. అక్కడ అతని కచేరీలన్నీ ఫోక్ క్లబ్బుల్లోనే: పబ్బుల మేడ మీది గదులు, లండన్ సోహోలోని నేలమాళిగలు. వెనక బ్యాండు లేదు. చాలాచోట్ల మైకు కూడా ఉండేది కాదు.

అలాంటి గదిలో గిటార్‌ను ఊరికే గీకుతూ పాడితే రెండో పాటకే జనం బీరు గ్లాసుల వైపు తిరుగుతారు. అందుకే ఫింగర్‌పికింగ్‌కు అంత విలువ. బొటనవేలు లావు తీగల మీద నడక తప్పకుండా మంద్రస్వరాలు వేస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద వరసను పలికిస్తాయి. కళ్లు మూసుకుంటే ఇద్దరు వాయిస్తున్నట్టే ఉంటుంది. ఈ విద్యలో అప్పటి కుర్రాళ్లందరూ దాటాలనుకున్న గడప గిటారిస్టు డేవీ గ్రాహమ్ కట్టిన 'ఆంజీ'. అందులో మంద్రస్వరం నాలుగు మెట్లు దిగి, మళ్లీ పైనుంచి మొదలవుతూ ఉంటుంది. పైన బ్లూస్ ధోరణిలో సాగే వరస ఆ దిగుడును లెక్కచేయదు. బొటనవేలికి, మిగతా వేళ్లకు పొత్తు తెగితే తప్ప ఇది లొంగదు. సైమన్ నేర్చుకున్నాడు, 1966లో 'సౌండ్స్ ఆఫ్ సైలెన్స్' ఆల్బమ్‌లో వాయించాడు కూడా.

ఆ ఆల్బమ్‌కు పేరు తెచ్చిన పాట కథ వేరు. 1965లో సైమన్ లండన్‌లో ఒక్కడే కూర్చుని 'ది పాల్ సైమన్ సాంగ్‌బుక్' రికార్డు చేశాడు. అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో నిర్మాత టామ్ విల్సన్, ఆడని మొదటి ఆల్బమ్‌లోని 'ది సౌండ్ ఆఫ్ సైలెన్స్' తీసి, గాయకులను అడగకుండానే ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్ జోడించాడు. 1966 జనవరిలో అది అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. ఫోక్ రాక్ తారగా సైమన్ మారింది అలా, తన ప్రమేయం లేకుండా! నాకైతే సాంగ్‌బుక్‌లో ఉన్న, డ్రమ్స్ లేని లండన్ రూపమే మెరుగు. అందులో పాట తన ఊపిరి తను తీసుకుంటుంది.

ఇంగ్లండ్‌లో సైమన్ పొందిన వాటిలో పెద్దది మాత్రం అక్కడి ఫోక్ గాయకుడు, గిటారిస్టు మార్టిన్ కార్తీ దగ్గరిది. 'స్కార్‌బరో ఫెయిర్' పాత జానపద గీతం, మాటలూ వరసా ఎవరి సొత్తూ కాదు. పాశ్చాత్యులు డోరియన్ అనే ఆ స్వరాల మెట్లు మనకు త్యాగరాజు కృతుల వల్ల బాగా ఎరుకైన ఖరహరప్రియవే. ఆ వరస చుట్టూ గిటార్ అల్లిక కట్టినవాడు కార్తీ. తీగలు కలిసి మోగవు, ఒకదాని వెంట ఒకటి రాలుతాయి. సైమన్ తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే కేపోను ఏడో మెట్టు మీద బిగించి వాయించాడు. తీగ పొట్టిదై శ్రుతి పెరుగుతుంది, గిటార్‌కు హార్ప్ లాంటి పలుకు వస్తుంది. 1966లో వచ్చిన రికార్డు మీద సైమన్, గార్‌ఫంకెల్ పేర్లే ఉన్నాయి, కార్తీ ఊసు లేదు. అంతకు మూడేళ్ల ముందే బాబ్ డిలన్ తన ఆల్బమ్ అట్ట మీద కార్తీకి రుణం ఒప్పుకున్నాడు. సైమన్‌కు ఆ ఒక్క వాక్యం బరువయ్యేది కాదు. జానపదంలో పాట ఊరందరిదైనా దాన్ని వేళ్లతో అల్లినవాడు ఒకడుంటాడు కదా.

కార్తీ ఆ నొప్పిని చాలాకాలం మోశాడు. చివరికి 2000లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో కచేరీ చేస్తూ సైమన్ అతన్ని వేదిక మీదికి పిలిచాడు. 'స్కార్‌బరో ఫెయిర్' ఇద్దరూ కలిసి పాడారు. అప్పటికి రికార్డు వచ్చి 34 ఏళ్లు.