అయిదు పలకల తూము

భీమ్‌గల్ దాటి లింబాద్రి గుట్ట వైపు పోతుంటే పసుపు చేన్ల గట్ల మీద అక్కడక్కడా ఈత చెట్లు కనిపిస్తాయి. పొద్దుగుంకే ముందు గౌడన్న మోకు, ముత్తాదు వేసుకొని చెట్టెక్కుతాడు. మొవ్వు కింద మట్టలు చెక్కి, మెత్తటి భాగం మీద కత్తితో సన్నగా ఒక గీత తీస్తాడు. లోతుగా పోతే చెట్టు దెబ్బతింటుంది, పైపైన పోతే రసం దిగదు. గీత కింద లొట్టి కట్టి దిగివస్తాడు. తెల్లారేసరికి లొట్టిలో ఉన్నది తియ్యటి రసమే, కానీ ఈస్టు అప్పటికే అందులో చేరి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తూ ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులిసి, నురగొచ్చి కల్లవుతుంది. ఆల్కహాలు నాలుగైదు శాతానికి మించదు. ఆ కల్లు తాగిన మనిషి కొంచెం తూలుతాడు, ఎక్కువ మాట్లాడతాడు, పొద్దున్నే లేచి నాగలి పడతాడు.

నిజామాబాద్ జిల్లాలో సీసాల్లో అమ్ముడుపోయే కల్లంతా ఈ లొట్టిలోంచి దిగింది కాదు. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఆ లోటును నీళ్లు, శాకరిన్, మత్తుమందు పొడులు పూడ్చాయి. అల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్: మూడు పేర్లూ ఎక్సైజ్ కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. 2015 సెప్టెంబర్‌లో తనిఖీలు గట్టిపడి కల్తీ కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులకు మనుషులు బారులు కట్టారు. తాగి పడిపోయినవాళ్లు కాదు వాళ్లు, తాగడం ఆగిపోయి పడిపోయినవాళ్లు. చేతుల వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్.

మా వాడకట్టులో నాకు పెద్దబాపు వరసయ్యే ఒకాయన ఉండేవాడు. కల్లు ఆగిన రెండో రోజు అంగీ గుండీలు పెట్టుకోలేకపోయాడు. వేళ్లు గుండీ దాకా పోయి, దాని మీద తడబడి, పక్కకు జారిపోయేవి. మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని చీపురు పట్టుకొని నిలబడ్డాడు. గోడ మీద ఏమీ లేదు. అంతకన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి, కల్లు ఆగకముందు సంగతి. తన పెళ్లినాడు ఏ ఊరి నుంచి ఎన్ని బండ్లు వచ్చాయో ఆయన వరసగా చెప్పగలడు. ముందురోజు సాయంత్రం నేను పోయి గంటసేపు పక్కన కూర్చున్న సంగతి మాత్రం గుర్తులేదు. "నిన్న నువ్వు రాలె కదరా" అన్నాడు, నా మొహం చూస్తూనే.

పాతది చెక్కుచెదరకుండా ఉండి, కొత్తది మాత్రం ఎందుకు అంటుకోలేదు? దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే మెదడులో ఒక చిన్న తూము దగ్గరికి వచ్చి ఆగాను. దాని పనితనం చూశాక నాకు కల్లు మీద కోపం కన్నా ఆ తూము మీద గౌరవమే ఎక్కువైంది.

మెదడులో ఒక నాడీకణం ఇంకో కణంతో మాట్లాడే చోట చాలా సన్నటి సందు ఉంటుంది. దాన్ని సినాప్స్ అంటారు. ఆ సందును దాటేవి రసాయనాలు. అవతలి కణాన్ని "కానీ" అని తోసే ముఖ్యమైన రసాయనం గ్లుటమేట్. "ఆగు" అని నిలిపేది గాబా. గాబా మెదడులో ఉందని 1950లో తెలిసింది. ఈ రెండూ ఒకే ఇంటి బిడ్డలు. గ్లుటమేట్ అణువులోంచి ఒక్క కార్బన్ డయాక్సైడ్ ముక్కను తీసేస్తే మిగిలేది గాబాయే. ఆ ముక్కను కోసే ఎంజైముకు చేయూత బి6 విటమిన్. తోసేదాన్నే ఒక్క కోతతో ఆపేదిగా మలుచుకుంది మెదడు. గౌడన్న గీత గుర్తొస్తుంది నాకు. కోసింది కొంచెమే, దాని ఫలితం మాత్రం పెద్దది.

గాబా పోయి తట్టేది ఒక ప్రొటీన్‌ను. గాబా-ఏ గ్రాహకం అని దాని పేరు. వెడల్పు మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు. అయిదు ప్రొటీన్ పలకలు పీపా చెక్కల్లాగా గుండ్రంగా నిలబడి నడుమ ఒక రంధ్రాన్ని చుట్టుకొని ఉంటాయి. ఒక్కో పలకా కణం పొరను నాలుగుసార్లు కుట్టినట్టు దాటుతుంది. ఆ నాలుగు కుట్లలో ఒకటి మాత్రం రంధ్రం వైపు తిరిగి ఉంటుంది. అంటే రంధ్రం గోడ అయిదు కుట్లతో కట్టిన గోడ. మనిషిలో ఈ పలకల రకాలు పంతొమ్మిది, ఒక్కోదానికీ ఒక్కో జీను. ఎక్కువ చోట్ల కనిపించే కూర్పు రెండు ఆల్ఫాలు, రెండు బీటాలు, ఒక గామా. ఏ రకం ఆల్ఫా వచ్చి కూర్చుందన్న దాన్ని బట్టి ఆ తూము మెదడులో ఏ మూలన ఉండాలో, ఏ పని చేయాలో చాలామటుకు తేలిపోతుంది.

గాబా కూర్చునే చోట్లు రెండు. రెండూ బీటాకు, ఆల్ఫాకు నడుమ ఉన్న సందుల్లోనే. రెండు చోట్లా గాబా కూర్చోగానే పై భాగం కొద్దిగా మెలిపడుతుంది. ఆ మెలిక కిందికి పాకి రంధ్రం తెరుచుకుంటుంది. క్లోరైడ్ అయాన్లు లోపలికి వస్తాయి. వాటిది రుణావేశం కాబట్టి కణం లోపల రుణం ఇంకా పెరిగి, ఆ కణం స్పందించడం కష్టమవుతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతుల లెక్కలో జరిగే పని. తూము తెరిచినంత మాత్రాన నీళ్లు పారవు, చెరువులో మట్టం ఎత్తులో ఉండాలి. అందుకే ఇంకో ప్రొటీన్ కణంలోంచి క్లోరైడ్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడుతూ లోపలి మట్టాన్ని తక్కువగా ఉంచుతుంది. ఆ తోడుడు ఆగితే ఎంత గొప్ప తూమైనా ఉత్తదే.

ఇక అల్ప్రజోలం సంగతి. ఈ జాతి మందుల్లో మొదటిదాని మత్తు గుణం 1957లో బయటపడింది. హాఫ్‌మన్ లా రోష్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్ అంతకుముందే తయారుచేసి పక్కన పెట్టిన పదార్థం అది. 1960లో అమ్మకానికి వచ్చింది. 1963లో డైజీపాం, 1981లో అల్ప్రజోలం. ఇవి మెదడులో ఎక్కడ అంటుకుంటాయో 1977 దాకా ఎవరికీ తెలియదు. అంటుకునే చోటు ఆల్ఫాకు, గామాకు నడుమ ఉన్న సందు. గాబా కూర్చునే చోటు అది కాదు. ఈ మందు తనంతట తాను తూము తెరవలేదు కూడా. గాబా వచ్చి తట్టినప్పుడు తలుపు మామూలు కన్నా ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తుంది, అంతే. గాబా లేకపోతే దీనికి పని లేదు. అందుకే డాక్టరు రాసిచ్చిన మోతాదులో ఒక్కటే వాడితే ఇది ప్రాణానికి అంత ప్రమాదం కాదు. కల్తీ సీసాలో అది ఒక్కటే ఉండదు. క్లోరల్ హైడ్రేట్, ఆల్కహాలు అదే ప్రొటీన్‌ను వేరే చోట్ల పట్టుకొని అదే దిక్కుకు లాగుతాయి. అన్నీ కలిస్తే ఊపిరి దాకా పోతుంది.

ఆ సందులో ఒక చోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఆల్ఫా-1 పలకలో 101వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. డైజీపాం పట్టుకొనేది దాని ఆసరాతోనే. 1999లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఆ ఒక్కదాన్ని తీసి ఆర్జినిన్ పెట్టారు. కొన్ని వందల అమైనో ఆమ్లాల పలకలో మార్చింది ఒకే ఒక్కటి. గాబా మునుపటిలాగే పనిచేసింది. డైజీపాం ఇస్తే ఆ ఎలుకల్లో మత్తు రాలేదు, మరుపు రాలేదు. కానీ భయం తగ్గింది! అంటే మత్తు, మరుపు ఒక రకం ఆల్ఫాకు సంబంధించినవి, భయం తగ్గడం ఇంకో రకం ఆల్ఫాది. మనం ఒకే "మత్తు" అనుకునేది మెదడుకు వేర్వేరు తూముల పని. ఇంకో వింత ఏమిటంటే, ఆల్ఫా-4, ఆల్ఫా-6 పలకల్లో ఆ చోట పుట్టుకతోనే ఆర్జినిన్ ఉంది. ఆ తూములను డైజీపాం కదిలించలేదు.

ఇప్పుడు పెద్దబాపు మరుపు దగ్గరికి వస్తాను. కొత్త జ్ఞాపకానికి మొదటి అచ్చు పడేది హిప్పోకాంపస్‌లో. అక్కడ గ్లుటమేట్ పట్టే గ్రాహకాల్లో ఎన్‌ఎండీఏ అనే రకానికి ఒక విచిత్రమైన బిరడా ఉంది. దాని రంధ్రంలో మెగ్నీషియం అయాన్ ఒకటి ఇరుక్కొని ఉంటుంది. గ్లుటమేట్ ఒక్కటే వస్తే ఆ బిరడా ఊడదు. అదే సమయంలో కణం లోపలి రుణం కూడా తగ్గి ఉండాలి. రెండూ ఒకే క్షణంలో జరిగితేనే మెగ్నీషియం బయటికి దూకి, కాల్షియం లోపలికి వచ్చి, ఆ సినాప్స్ గట్టిపడుతుంది. "ఇదీ అదీ ఒకేసారి జరిగాయి" అని కనిపెట్టే యంత్రం ఇది. ఒక మొహం, ఒక గొంతు, ఒక సాయంత్రం కలిసి ఒక జ్ఞాపకమయ్యేది ఇటువంటి చోటనే. సినాప్స్ ఇలా గట్టిపడి గంటల తరబడి నిలుస్తుందని బ్లిస్, లోమో కుందేళ్ల మీద చేసిన పనితో 1973లో చూపించారు. ఇప్పుడు అల్ప్రజోలం గాబా తూములను పదేపదే తెరిపిస్తోందనుకోండి. కణం లోపల రుణం పెరుగుతుంది. బిరడా బిగుసుకొనే ఉంటుంది. నేను పక్కన గంటసేపు కూర్చున్నా, మాట్లాడినా అచ్చు పడదు. పెళ్లి బండ్ల లెక్క ఎన్నడో గట్టిపడిపోయిన సినాప్సులది, దానికి ఆ బిరడాతో పని లేదు.

మరి జ్వరం తర్వాత వచ్చే మరుపు? వానాకాలంలో డెంగీయో చికున్‌గున్యాయో వచ్చి తగ్గినవాళ్లు "తలకాయ పనిచేస్తలేదు, ఎవరితోటి మాట్లాడబుద్ధి అయితలేదు" అంటారు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ రేగినప్పుడు రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా లాంటి సందేశకాలను విడుస్తాయి. ఆ సంకేతం మెదడు దాకా చేరుతుంది. మెదడులో మైక్రోగ్లియా అనే కాపలా కణాలు ఉన్నాయి. తమ చోటు నుంచి కదలకుండానే సన్నటి కొమ్మలు చాస్తూ, ముడుస్తూ చుట్టుపక్కలంతా తడుముతూ ఉంటాయి. బతికున్న ఎలుక మెదడులో ఆ కదలికను 2005లో కళ్లారా చూశారు. అవి కూడా అదే సందేశకాన్ని విడుస్తాయి.

2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో బెవర్లీ ఆర్సర్ బృందం ఎలుకల్లో కనిపెట్టింది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా హిప్పోకాంపస్‌లో చేసిన పని ఏమిటంటే, ఆల్ఫా-5 రకం గాబా తూములను కణం పైపొర మీదికి ఎక్కువగా తేవడం. ఇవి సినాప్స్ బయట ఉండి, అక్కడికి ఊరివచ్చే కొద్దిపాటి గాబాకే తెరుచుకునే తూములు. వాటి సంఖ్య పెరిగింది, ఎలుకలు మరిచిపోయాయి. ఆల్ఫా-5 లేని ఎలుకల్లో, దాన్ని మందుతో అడ్డుకున్న ఎలుకల్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా మరుపు రాలేదు. కల్తీ కల్లు ఉన్న తూములను ఎక్కువసార్లు తెరిపిస్తే, ఇన్‌ఫ్లమేషన్ తూముల సంఖ్యనే పెంచుతోంది. దారులు వేరు, చేరేది మాత్రం అయిదు పలకల తూము దగ్గరికే.

జ్వరం వెనక వచ్చే దిగులు సంగతి ఇంత సూటిగా ఉండదు, ఒక్క తూముతో తేలేది కాదు. ఇన్‌ఫ్లమేషన్ ట్రిప్టోఫాన్‌ను సెరటోనిన్ వైపు పోనీయకుండా కైనురెనిన్ అనే దారిలోకి మళ్లిస్తుంది. ఆ దారిలో పుట్టే క్వినోలినిక్ ఆమ్లం పోయి తట్టేది మళ్లీ ఆ ఎన్‌ఎండీఏనే. హెపటైటిస్-సి కి ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు ఇచ్చిన రోజుల్లో, అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్లలో కూడా చాలామంది కుంగిపోవడం డాక్టర్లు కళ్లారా చూశారు. ఇక బాలింత దిగులుకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన బ్రెక్సనోలోన్ పనిచేసేది గాబా-ఏ తూము మీదనే, ఇంకో చోట పట్టుకొని. దిగులు మనసు బలహీనత అని గట్టిగా చెప్పే పెద్దమనుషులకు ఈ పలకల బొమ్మ ఒకటి గీసి చూపించాలనిపిస్తుంది నాకు.

ఇన్‌ఫ్లమేషన్ అనగానే మా దగ్గర అందరూ పసుపు పేరెత్తుతారు. పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కు వచ్చాక ఇంకా ఎక్కువ. పసుపులోని కర్కుమిన్ ప్రయోగశాల గాజు పాత్రలో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుంది, నిజమే. తిన్నప్పుడు మాత్రం పేగుల నుంచి రక్తంలోకి చేరేది అతి కొద్ది. మా పంట మీద నాకు ప్రేమ ఉంది కాబట్టే ఈ మాట చెబుతున్నాను. ఫిట్స్ వచ్చిన మనిషికి పసుపు పాలు పట్టిస్తూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది.

ఎందుకంటే ఫిట్స్ వేరే లెక్క. రోజూ తూములు అతిగా తెరుచుకుంటుంటే కణం ఊరుకోదు. మందుకు, తూముకు ఉన్న పట్టు సడలుతుంది, తోసే గ్లుటమేట్ పక్షం బలపడుతుంది. అప్పటికి తూకం సరిపోతుంది. ఆ తూకం మధ్యలోంచి మందును ఒక్కసారిగా లాగేస్తే ఆపేది బలహీనంగా, తోసేది బలంగా మిగులుతాయి. గుండీ మీద జారిన వేళ్లు, గోడ మీద లేని చీమలు అక్కడి నుంచే వచ్చాయి. అందుకే వార్డులో డాక్టర్లు అదే జాతి మందును, డైజీపాం లాంటి నెమ్మదిగా ఒంట్లోంచి పోయేదాన్ని ఇచ్చి, మోతాదును రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి, కొంచెం కొంచెంగా దించుతారు. అల్ప్రజోలం పదకొండు గంటల్లో సగానికి పడిపోతుంది. డైజీపాం, దాని నుంచి పుట్టే పదార్థాలు రోజుల కొద్దీ ఉంటాయి. ఆ నిదానం తూముకు కావాలి, కణం పలకలను మళ్లీ సర్దుకోవడానికి.

వార్డులో పెద్దబాపు పక్కన నర్సు రోజూ పొద్దున మాత్రను బ్లేడుతో సగానికి కోసి, ఒక ముక్క ఇచ్చి, ఒకే ప్రశ్న అడిగేది: "నిన్న రాత్రి ఏం తిన్నవ్ తాతా?" కొన్ని రోజులు ఆయన పైకప్పు వైపు చూసి ఊరుకున్నాడు. ఒక రోజు మాత్ర మింగి, గ్లాసు కింద పెట్టి, "జొన్న రొట్టె. చింత తొక్కు. ఈడు తెచ్చిండు" అని నా వైపు వేలు చూపించాడు. ఆ వేలు వణకలేదు.