దరఖాస్తులో ఒకే గడి

2023 మార్చి 13, సోమవారం. గేట్ బజార్లో పొద్దున్నే టీ తాగుతుండగా ‘నాటు నాటు’ పాటకి ఆస్కార్ వచ్చిందన్న కబురు తెలిసింది. ఒడియా టీకొట్టాయన నాకంటె ముందు సంబరపడ్డాడు. పక్కనున్న మిత్రుడు మాత్రం మొహం మాడ్చుకుని, “ఏటి మాస్టారూ, ఇంత సినిమాని మన దేశం పంపనేదట గదా! తెలుగంటే అంత చులకనా?” అన్నాడు. అప్పుడు జవాబు తోచలేదు. ఈ నాలుగు ముక్కలూ అందుకే.

బహుమతుల మీద మన విమర్శ ఎప్పుడూ న్యాయనిర్ణేతల దగ్గర మొదలవుతుంది. నిజానికి దరఖాస్తు దగ్గర మొదలవాలి. ఎవరు పంపారు, ఏ విభాగంలో పంపారు, ఏ ఏడాది లెక్కలో పంపారు - సగం తీర్పు అక్కడే అయిపోతుంది. ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. జాతీయ బహుమతి వచ్చింది 1979 చిత్రాల లెక్కలో. ‘ఆర్.ఆర్.ఆర్.’ 2022 మార్చి 25న విడుదలై, 2021 చిత్రాలకిచ్చిన 69వ జాతీయ అవార్డుల్లో నిలిచింది. అక్కడ చూసేది సెన్సారు సర్టిఫికెట్ తేదీ, మనం టిక్కెట్టు కొన్న తేదీ కాదు.

ఆస్కార్ అంతర్జాతీయ చిత్ర విభాగానికి లెక్క వేరు. అక్కడ దేశానికి ఒక్క చిత్రమే. మన దేశం తరపున ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఎన్ని భాషలున్నా గడి ఒక్కటే. 1936లో గంజాం ఒరిస్సాలో చేరిన నాటి నుంచీ మన బరంపురం వాళ్ళకి ఇలాంటి గడుల సంగతి కొత్తకాదు. 1986లో విశ్వనాథ్ గారి ‘స్వాతిముత్యం’ ఆ గడిలో వెళ్ళింది. ఆ తర్వాత మరో తెలుగు చిత్రం వెళ్ళలేదు. కనుక మిత్రుడి ఉక్రోషంలో పస లేదనను.

అయితే 2022లో వెళ్ళిన గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ మీద ఆ ఉక్రోషం చూపడం నాకు నచ్చలేదు. పాన్ నలిన్ తీసిన ఆ చిత్రంలో ఓ సౌరాష్ట్ర కుర్రాడు అమ్మ వండిన అన్నం డబ్బా ప్రొజెక్టర్ ఆపరేటర్ కిచ్చి, బదులుగా ఆపరేటర్ గదిలోంచి సినిమాలు చూస్తాడు. చివరికి ప్రొజెక్టర్లు కరిగి చెంచాలవుతాయి, రీళ్ళు గాజులవుతాయి. కాస్త సాగదీత ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ గాజులు నన్ను చాలా రోజులు వదల్లేదు. అది ఆస్కార్ వడపోతలో చివరి పదిహేనింటి దాకా వెళ్ళింది కూడా. పంపినవాళ్ళు గుడ్డిగా పంపలేదన్నమాట.

‘ఆర్.ఆర్.ఆర్.’ వేరే ద్వారం పట్టింది. అమెరికాలో నిర్ణయించిన ఆరు నగర ప్రాంతాల్లో ఒకచోట వరసగా ఏడు రోజులు ఆడిన చిత్రాన్ని, దేశం పంపకపోయినా, సాధారణ విభాగాలకి పంపుకోవచ్చు. అక్కడి పంపిణీదారు వేరియన్స్ ఫిలిమ్స్ ఆ పని చేసింది. నీలమాధవ్ పండా ఒడియా చిత్రం ‘కాళిర అతీత’, సముద్రం మింగిన ఊరి కథ, అంతకు ముందే 2021లో ఆ సాధారణ పోటీలోకి వెళ్ళింది. మా టీకొట్టాయనకి ఆ సంగతి తెలుసు, మాకే తెలీదు!

మరో చిత్రం. అమెరికాలో చాలామంది నెట్‌ఫ్లిక్స్‌లో చూసింది ఆ సినిమా హిందీ అనువాదం. అయినా దరఖాస్తులో పెట్టింది తెలుగు పాట. ఆ ఏడు అర్హమైన 81 పాటల్లోంచి పదిహేను, వాటిలోంచి అయిదు, చివరికిది. వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ తెలుగులోనే పాడారు. ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా మాట్లాడే మనకి, ఏ భాషలో పంపారన్నదే ఆ బహుమతి కంటె పెద్ద వార్త.

ఇక పాట సంగతి. కీరవాణి గారి పాటల్లోగాని చంద్రబోస్ గారి పాటల్లోగాని ఇది మేలైనదని నేననుకోను. దరువు గట్టిది, మాటలు ఆ దరువుకి కూలికెళ్ళాయి. ఇంతకంటె మంచి తెలుగు పాటలు ఎన్నో ఆ బల్ల మీదికే వెళ్ళలేదు. వారం రోజులు అమెరికాలో ఆడించి, ఊరూరా ప్రచారం చేయించగల నిర్మాతలు ఎందరు? చిన్న చిత్రానికి ఆ ద్వారం తెరిచే ఉంటుంది, దారిఖర్చే ఉండదు.

2022లో ఆ ఒక్క గడీ నా చేతికిస్తే నేనూ గుజరాతీ చిత్రాన్నే పెట్టేవాణ్ణి. ఈ మాట అచ్చులో చూశాక మిత్రుడు గేట్ బజార్లో టీ డబ్బులు నాచేతే ఇప్పిస్తాడు.